వాన మంత్రం ఆగిపోయిన ఎండాకాలం

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా మిద్దె మీద, ఎండ కాస్త దిగినాక, ముగ్గురం చేతులు పట్టుకుని గుండ్రంగా కూర్చుని వాన కురిపించేవాళ్లం.

నిజం వాన కాదులెండి... ఆటలో వాన.

తొంభైల్లో మాట. బెంగుళూరులో చదువుకునే మా పెదనాయన కొడుకు గిరన్న ఎండాకాలం సెలవులకొస్తూ ఒక ఇంగ్లీషు పుస్తకం, చిత్రమైన పాచికలు తెచ్చాడు. ఆ ఆటకు పలక లేదు, పావులు లేవు. గిరన్న కథ చెబుతూ పోతాడు... అందులో మేం మాంత్రికులం. కొండ ఎక్కాలా, రాక్షసుడితో మాట్లాడాలా, పారిపోవాలా అనేది మేం చెప్పాలి. మేం అనుకున్నది జరిగిందా లేదా అనేది పాచిక చెబుతుంది.

మేం అంటే నేను, పక్క సందు బాషా, ఎదురింట్లో బాడుగకుండే మల్లిక. మల్లికకు నాయన లేడు. వాళ్లమ్మ రుక్మిణమ్మ తంబళ్లపల్లె పక్క పల్లెనుంచి వచ్చి, మిషన్ కుట్టి పిల్లను సాకేది. మా సందులో ఆడవాళ్ల రవికలన్నీ ఆమె చేతివే.

కథలో ఒక ఊరు... ఏళ్ల తరబడి వాన లేదు. ఒక్క మాంత్రికుడి వల్ల కాదు, అందరూ కలిసి మంత్రం వేస్తేనే మబ్బు కదులుతుంది. దానికి పుస్తకంలో పద్ధతి ఉంది. వలయం గీయాలి, మధ్యలో నీళ్లు పెట్టాలి, చేతులు పట్టుకుని ఒకరి తరువాత ఒకరు మంత్రంలో ఒక్కో వరుస చెప్పాలి. ఒక్కో వరుసకు గిరన్న ఒకసారి పాచిక వేస్తాడు. ఎవరు చేయి వదిలినా, తడబడినా, నవ్వినా... అందరి మంత్రమూ పోయినట్టే.

పుస్తకంలో మంత్రం మాకు నోరు తిరగలేదు. "ఉండండప్పా, నేను కడతా," అనింది మల్లిక. మరుసటి రోజు ఇట్లా చెప్పింది...

నల్లమబ్బా నల్లమబ్బా, మా ఊరి దావ మరిసినావా
నోరెండిన చెరువుకాడ నీకోసరం నిలబడినాం...

గిరన్న పాచిక చేతిలోనే పెట్టుకుని కూర్చుండిపోయాడు. "యాడ నేర్సుకున్నావు మే ఇదంతా?"

"యాడా ల్యా అన్నా. మా యమ్మ మిషన్ సప్పుడు వింటా ఉంటే వస్తాది."

రోజుకో కొత్త వరుస కట్టుకొచ్చేది. ఏం లాభం... బాషా నవ్వు ఆపుకోలేక రోజూ మంత్రం చెడగొట్టేవాడు. మళ్లీ మొదటినుంచి.

ఒక సాయంత్రం బాషా కూడా నవ్వలేదు. ముగ్గురం కళ్లు మూసుకున్నాం. మల్లిక గొంతు ఎప్పుడూ లేనంత పైకి లేచింది. మాకు తరువాత తెలిసింది... అదే సమయానికి పక్క మిద్దె మీద గౌరక్క ఎండబెట్టిన చింతపండు ఎత్తుకుంటా ఉంది. ముగ్గుపిండి వలయం, మధ్యలో చెంబు, కళ్లు మూసుకున్న పిల్లలు, గొంతెత్తి ఏందో చదువుతున్న మల్లిక... అన్నీ చూసి, చెంగు నోటికడ్డం పెట్టుకుని దిగిపోయింది.

తెల్లారేసరికి గౌరక్క వాళ్ల పాడి ఆవు చచ్చిపోయింది.

ఆ ఇల్లు గడిచేది ఆ ఆవు పాలతోనే. గౌరక్క దాని మెడ మీద పడి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. పశువుల డాక్టరొచ్చి చూసి, నీళ్లు లేక వాడిపోయిన లేత జొన్న మేసింది, అది విషం అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. మధ్యాహ్నానికి సందంతా ఒకటే మాట... చేతబడి.

గిరన్న, బాషా, నేను పుస్తకం తీసుకుని గౌరక్క దగ్గరికి పోయాం. "ఇది ఆట అక్కా. సూడు, అంతా ఈ పుస్తకంలో ఉండాది," అన్నాడు బాషా.

ఆమె బొమ్మలు తిప్పింది. గడ్డాల ముసలాళ్లు, మంటలు, పుర్రెలు... "ఇంగ్లీషోళ్లకు చేతబడి రాదని ఎవురు సెప్పినారు నాయనా?" అనింది. గొంతులో కోపం కూడా లేదు. వట్టి భయం.

మా నాయన పోయి చెప్పినా అంతే. బాషా, నేను ఆ సందులోనే పుట్టిన పిల్లలం, గిరన్న మా ఇంటి బిడ్డ, మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. బయటినుంచి వచ్చింది మల్లిక... వినబడిన గొంతు కూడా మల్లికదే.

రుక్మిణమ్మకు రవికలు రావడం ఆగిపోయింది. ఇచ్చిన గుడ్డలు కూడా కుట్టకముందే వెనక్కి తీసుకున్నారు. ఆఖరికి బాడుగకిచ్చిన ఇంటి ఓనరు వచ్చి, "మాకూ ఆవులుండాయి కదమ్మా... ఏరే ఇల్లు సూసుకో," అన్నాడు. బడి తెరవకముందే తల్లీ కూతుళ్లు కుప్పంలో వాళ్ల మామ దగ్గరికి వెళ్లిపోయారు. టెంపోలో, విప్పిన కుట్టుమిషన్ తలభాగం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మల్లిక మావైపు చూడలేదు.

నేను మదనపల్లెలో డిగ్రీ ముగించినాక, ఒక స్నేహితురాలి పెళ్లికి కుప్పం పోయాను. భోజనాల దగ్గర "సుధా" అని ఎవరో చేయి పట్టుకున్నారు... మల్లిక. మందులషాపులో పని చేస్తా ఉందంట. వాళ్లమ్మ పోయి ఏడాది దాటిందంట. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. ఉండబట్టలేక అడిగాను... "ఇంకా పాటలు కడతాండావా?"

తల అడ్డంగా ఊపింది. "మా యమ్మ కూడా నమ్మింది సుధా. ఆవు నా నోటి వల్లే సచ్చిందని కడదాకా అనుకునింది. బళ్లో పద్యం సదివినా ఒప్పుకునేది కాదు. నువ్వేమంటే అది జరగతాది మే, నోరు జాగర్త... అనేది."

"నువ్వు?"

"అమ్మ సెప్తాంటే నమ్మకుండా ఎట్ల? సిన్నపిల్లను కదా..."



ఈ మధ్య మా పాప చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడెక్కడి పిల్లలతోనో కలిసి ఫోన్ ఆటలో మంత్రాలు వేస్తా ఉంటుంది. గట్టిగా అరుస్తుంది కూడా. ఎవరూ భయపడరు, ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనరు... సంతోషమే. అయితే ఆ మంత్రాలన్నీ ఎవరో ముందే రాసిపెట్టినవి. సొంతంగా మాట కట్టే పిల్ల మా సందులో ఒకతి ఉండేది... పెద్దలంతా కలిసి ఆ పిల్ల నోరు మూయించేశారు.

మీ వీధిలోనూ పెద్దల భయానికి ఆగిపోయిన ఆట ఏదైనా ఉందా... ఉంటే కింద రాయండి. ఆడిన పిల్లలు ఇప్పుడు ఎట్లా ఉన్నారో అది కూడా చెప్పండి.