ప్లగ్గుకు పెట్టిన బొట్టు

మొన్న కల్యాణ్‌లో మా తమ్ముడి ఇంట్లో కాలు పెట్టగానే ఒక వాసన తగిలింది. పాత రేడియో వాల్వులు మెల్లగా వేడెక్కితే వచ్చే వాసన అది. లక్కా, దుమ్మూ, కాలిన దారమూ కలిసినట్టుంటుంది. హాల్లో చూస్తే తాత రేడియో. అటక మీద గోనెసంచిలో ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని తమ్ముడు బాగుచేయించి, చెక్కపెట్టెకు పాలిష్ పట్టించి, వచ్చిన వాళ్లందరికీ కనిపించేలా పెట్టుకున్నాడు. వాడి ముఖంలో ఎంత గర్వమో. నాకు మాత్రం దాని వైపు చూడటానికే సిగ్గేసింది.

తొంభైల్లో మేం భివండీ పద్మనగర్‌లో వరస గదుల చాలీలో రెండు ఖోలీల్లో ఉండేవాళ్లం. గోడకవతల బట్ట నేసే సాంచాలు రాత్రింబగళ్లు దడదడమంటూనే ఉండేవి. ఆ చప్పుడుకు ఎంత అలవాటుపడ్డామంటే, కరెంటు పోయి అవి ఆగిపోతే నిద్రపోతున్న తాత ఉలిక్కిపడి లేచేవాడు. దూది పీచు అన్నం మీద, ఆరేసిన బట్టల మీద, తాత కనుబొమల మీద వాలేది. నూలు చుట్టే ఖాళీ కండెలు ఏరుకొచ్చి మేం కోటలు కట్టేవాళ్లం, అష్టాచెమ్మాలో కాయలుగానూ వాటినే వాడేవాళ్లం. వానాకాలమంతా నేలమీది షాబాదు బండలు చెమరుస్తూ ఉండేవి, వాటి మీద చాప పరిస్తే తెల్లారేసరికి చాప కూడా తడిసేది. బతుకమ్మ పండుగ వస్తే అమ్మ మలీద ముద్దలు చేసేది. బెల్లం, నెయ్యి కలిసిన ఆ వాసన చాలీ చివరిదాకా పోయేది.

ఆ ఖోలీలో అన్నిటికన్నా ఎత్తైన చోటు రేడియోది. తాత పడుచువాడిగా ఉన్నప్పుడు ముంబైలో ఎవరి దగ్గరో కొన్నాడట. మా కాలానికి అందరిళ్లలో టీవీలు వచ్చేశాయి. అయినా సాయంత్రం గురగురల మధ్య హైదరాబాద్ స్టేషన్ పట్టుకుంటే చాలు, మా ఊళ్ల వైపు నుంచి సాంచాల పనికి వచ్చిన తెలుగువాళ్లు గడప దగ్గర చేరి, తెలుగు మాట వింటూ కూర్చునేవారు. తాత మంచం మీద కాలు మీద కాలేసుకుని ఊరికి పెద్దలా ఉండేవాడు.

దానికో జబ్బుంది. దాని రెండు పుల్లల ప్లగ్గు ఒకవైపు పెడితే బుద్ధిగా పాడేది. తిప్పి పెడితే కూడా అలాగే పాడేది గాని, లోపలి రేకంతా కరెంటు పారేది. స్టేషన్ తిప్పే బిళ్ల ఎప్పుడో విరిగిపోయి, ఆ రేకుకు తగిలి ఉన్న ఇనుప కడ్డీ బయటికి ఉండేది. మెకానిక్ చూసి, ఇది ప్రాణం తీసే బండి, లోపల మార్చాలని చెప్పాడు. పాడుతున్నదాన్ని ఎవడు కెలుకుతాడని తాత పట్టించుకోలేదు. అమ్మే ఒక ఉపాయం చేసింది. పైకి ఉండాల్సిన వైపు ప్లగ్గుకు కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు పైకి ఉంటే భయం లేదు. ఈ సంగతి మా ఇంటి గడప దాటలేదు.

రాజవ్వ చిన్నమ్మ మా పక్క ఖోలీ. చుట్టం కాదు, వరసకు చిన్నమ్మ. మొగుడు సూరత్ పోయి మళ్లీ తిరిగి రాలేదు. కార్ఖానాలో కండెలు చుట్టి బతికేది. మా తమ్ముడప్పుడు ఏడాది పిల్లవాడు. పని నుంచి వస్తూనే వాడిని చంకనేసుకుని, వాడి బుగ్గల మీది పీచు ఊదుతూ తిరిగేది. హైదరాబాద్ స్టేషన్ ఎంతకీ దొరక్కపోతే తాత ఆమెనే పిలిచేవాడు.

"రాజవ్వా, నువ్ చెయ్యి పెడితెనే దొరుకుతది బిడ్డా."

దసరా నాడు మా ఇళ్లలో పని చేసే ప్రతి వస్తువుకూ పూజ. కార్ఖానాలో సాంచాలకు, ఇంట్లో కత్తెరకు, కుట్టుమిషన్‌కు, సైకిల్‌కు, టీవీకి. అమ్మ పొద్దున్నే బండలు కడిగి, రేడియో తుడిచి బొట్లు పెట్టింది. పెట్టెకు పెట్టింది, వైరుకు పెట్టింది, అదే ఊపులో ప్లగ్గుకు రెండో వైపు కూడా పెట్టేసింది. తాత వచ్చి, బొట్టు పైకి ఉండేలా చూసుకునే ప్లగ్గు గుచ్చాడు. ఏ వైపు గుచ్చినా బొట్టు పైకే ఉంటుంది కదా.

చిన్నమ్మ తాత చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టుకుందామని వచ్చింది. వాకిట్లో కాళ్లు కడుక్కుని లోపలికొచ్చింది. తాత స్టేషన్ పట్టమన్నాడు. తడి కాళ్లతో తడి బండ మీద నిలబడి ఆమె కడ్డీ మీద వేలు పెట్టింది. ఒళ్లంతా బిగుసుకుని, పళ్లు గిట్టకరచుకుని వెనక్కి పడింది. చాలీ అంతా పరిగెత్తుకొచ్చింది.

"ఫిట్సు వచ్చినయ్," అన్నాడు తాత.

ఎవరో ఆమె గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు, ఎవరో ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టారు. ఆ గోలలో అమ్మ చప్పుడు కాకుండా ప్లగ్గు పీకి, రెండువైపులా చూసి, తాత ముఖంలోకి చూసింది. తాత చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిన్నమ్మకు తెలివొచ్చింది గాని ఏం జరిగిందో గుర్తులేదు. అందరూ అన్నదే ఆమె కూడా నమ్మింది. కార్ఖానా సేట్ కూడా మా వైపు వాడే. ఫిట్సున్న మనిషి మిషన్ మీద పడితే జిమ్మేదారీ ఎవరిదంటూ పనిలోంచి తీసేశాడు. మెడలో తాయెత్తు పడింది. మా ఇంటికొచ్చినా గోడకానుకుని కూర్చునేది. ఒకరోజు తమ్ముడు పాకుతూ పోయి ఆమె మోకాళ్లు పట్టుకుని ఎత్తుకొమ్మని ఏడ్చాడు. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దక్కా, పిలగాన్ని తీస్కో. అది ఎప్పుడొస్తదో ఎట్ల తెలుస్తది."

అమ్మ ఇక ఉండలేకపోయింది. రేడియో ఎత్తుకుని బయట వరండాలో పెట్టి, సేట్‌ను పిలిపించి, అందరి ముందు ప్లగ్గు తిప్పి గుచ్చింది. నాన్న కార్ఖానాలో వాడే టెస్టర్‌ను తెచ్చి ఆ కడ్డీకి ఆనించింది. టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది.

"రోగం ఆమెకు లేదు. మా రేడియోకున్నది. మాకు ముందునుంచే ఎరుక," అంది అమ్మ. రెండో బొట్టు తానే పెట్టానని కూడా చెప్పింది.

తాత లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నా సిగ్గంతా ఇల్లు బజారున పడిందనే. చాలీ పిల్లలు రేపు ఏమంటారోననే. చిన్నమ్మకు చేసిన అన్యాయానికి సిగ్గుపడటం నేను పెద్దయ్యాక మొదలైంది, ఇప్పటికీ తగ్గలేదు.

చిన్నమ్మ టెస్టర్ వైపే చూస్తూ, "అయితె నాకేం లేనట్టేనా అక్కా," అని అడిగింది. ఏం లేదని అమ్మ ఏడుస్తూ చెప్పింది. అప్పుడామె వంగి తమ్ముణ్ణి చంకనేసుకుంది.

సేట్ మాత్రం ఆ చోట్లో వేరే మనిషి వచ్చిందన్నాడు. చిన్నమ్మ మాన్కోలి గోదాముల్లో పెట్టెలు సర్దే పనికి వెళ్లి, అక్కడే ఖోలీ చూసుకుంది. తర్వాత మేం ఆమెను చూడలేదు. తాత మళ్లీ ఆ రేడియో పెట్టలేదు. ఇప్పుడా చాలీ లేదు, ఆ సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి, దూది పీచు లేని అన్నం తింటున్నాం.

తమ్ముడు స్టేషన్ తిప్పుతూ, "అక్కా, చిన్నప్పుడు నన్ను ఎవరో ఫిట్ల రాజవ్వ ఎత్తుకుని తిప్పేదట కదా," అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత, ఆమె చంకనెక్కి పెరిగినవాడి నోట్లో కూడా ఆ పేరే. ఆమెకు ఫిట్సు లేవని, అదంతా ఈ రేడియో షాకని చెప్పాను. బాగుచేయించినప్పుడు లోపలంతా మార్పించాడు గాని కడ్డీకి బిళ్ల మాత్రం దొరకలేదట. వాడు నవ్వి, చెప్పులు విడిచి, కడ్డీ మీద వేలు పెట్టి చూపించాడు.

"ఏం లేదక్కా. చూడు."