మా పిన్ని తీసిన శాంపిల్

పరిశోధన చేస్తానని బయల్దేరి, చేతికొచ్చిన ఉద్యోగానికి నేనే నీళ్లొదులుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. అప్పట్లో నాకంటే తెలివైనవాడు గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా లేడని నా గట్టి నమ్మకం.

రాజమండ్రిలో ఎంసీఏ చివరి సెమిస్టర్. ఉద్యోగం అప్పటికే వచ్చింది. కాకపోతే అన్ని పేపర్లూ పాసైతేనే చేర్చుకుంటారు. మిగిలిందల్లా మూర్తిగారు చెప్పే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రీసెర్చ్ మెథడ్స్, అందులో గ్రూప్ ప్రాజెక్టు. గ్రూపంటే నేను, గ్రేస్, వెంకట్. లీడర్ని నేనే, ఎవరూ ఎన్నుకోలేదు లెండి. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్లకు ఆర్డర్లు తీసుకునే యాప్ ఒకటిచ్చి, కొన్నాళ్లు వాడాక ఎలా ఉందో అడిగి రావాలి.

"చీటీలు వేసి ఇళ్లు ఎంచుకుందాం. తెలిసినవాళ్లయితే మొహమాటానికి పోతారు," అంది గ్రేస్.

"ఆ ఊళ్లో మా వరలక్ష్మి పిన్ని ఉండగా చీటీలెందుకు? ఆవిడ ఒక్క మాటంటే ఊరంతా మనదే!" అన్నాను.

"నా భయం కూడా అదే," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా పిన్ని అడగకుండానే అన్నీ పెట్టేసింది. ప్రతి ఇంటికీ మాకంటే ముందు తానే వెళ్లొచ్చింది. మేం ఎవరిని అడిగినా ఒకటే మాట: "చాలా బాగుందండి." కష్టమేమైనా ఉందా? "అబ్బే, కష్టమేంటండి!" మార్చాల్సిందేమైనా? "ముందు ఈ పూతరేకు తినండి బాబూ." మా గ్రాఫులో గీత కొబ్బరిచెట్టులా పైకి పోయింది. నేను పొంగిపోయాను. వెంకట్ తిండికి పొంగిపోయాడు.

మూర్తిగారు రిపోర్టు చూసి కళ్లద్దాలు తీశారు. "దేవుడికి కూడా ఇంత మంచి పేరు లేదయ్యా! పదండి, నేనూ ఓసారి అడిగొస్తాను," అన్నారు.

మర్నాడు ఆత్రేయపురంలో సత్యవతిగారనే పెద్దావిడ అరుగు మీద కూర్చున్నాం.

"యాప్ ఎలా ఉందండి?" అడిగారు సార్.

"చాలా బాగుందండి."

"అందులో ఏది బాగుంది?"

"కుర్రోడు మంచోడండి. మా వరలక్ష్మికి అక్క కొడుకు. ఇది పాసవ్వకపోతే ఉద్యోగం పోద్దంట కదండీ! పాపం, వరలక్ష్మి ఇంటింటికీ చెప్పుకుని ఏడ్చిందండి."

"ఇంతకీ దాన్ని తెరిచి చూశారా?"

"లేదండి. అయినా బాగానే ఉంటది లెండి."

"ఇల్లు అలకగానే పండగ కాదు, పిన్ని చెప్పగానే పరిశోధన కాదు," అని వెంకట్ గొణిగాడు, నోటినిండా పూతరేకుతో. గ్రేస్ నావైపు చూడనైనా చూడలేదు.

అంతలో సత్యవతిగారు సార్ చేతిలో కూడా పూతరేకులు పెట్టి, "మరి పాస్ చేసేస్తారు కదండీ?" అన్నారు.

మూర్తిగారు చల్లగా నవ్వారు. "తప్పకుండానండి. మీరు చెప్పాక కాదంటానా!"

పోయిన ప్రాణం లేచొచ్చింది. బస్టాండు దాకా గాల్లో తేలాను. పిన్నికి ఫోన్ చేసి గుడి కట్టిస్తానన్నాను. బస్సెక్కాక సార్‌కి చేతులు జోడించాను.

"మీ మేలు ఈ జన్మలో మర్చిపోలేనండి."

"ఏ మేలయ్యా?"

"పాస్ చేస్తానన్నారు కదండీ!"

"ఓహో, అదా! పెద్దావిడ తినడానికి పెట్టి మరీ అడుగుతుంటే మొహం మీద కాదని ఎలా అంటాం? ఆ మాట కూడా మీ డేటా లాంటిదే," అని కిటికీ వైపు తిరిగారు.

ఉద్యోగం పోయింది, సెమిస్టరూ పోయింది. గోదారి తల్లి సాక్షిగా ఆనాడే ఒట్టేసుకున్నాను: ఈ జిల్లాల్లో ఇకపై ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, ముందు మా పిన్నిని తిరుపతి రైలెక్కించి వస్తాను.