ముసురు రంగు

జాలారిపేటలో వల వదిలేసి కీబోర్డు పట్టిన మొదటివాడు ఎల్లారావు. ఇంటర్ తప్పాక, చేపల వేటకి రమ్మని తండ్రి ఎంత తిట్టినా వినకుండా వన్ టౌన్‌లో శ్రీరామ్మూర్తి ప్రెస్సులో చేరి, కంప్యూటరు మీద అచ్చుకి అక్షరాలు కూర్చే డీటీపీ నేర్చుకున్నాడు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, ఏదిచ్చినా గబగబా కొట్టేసేవాడు. దిద్దాల్సిన అవసరం ఉండేది కాదు. పేటలో ఎవరింట్లో శుభం జరిగినా అశుభం జరిగినా పేర్లు రాసిన చీటీ పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చేవారు. మనోడు కొడితే అచ్చరం తప్పదని వాళ్ల ధీమా.

తొంభై తొమ్మిది వానాకాలంలో, పనికి వస్తుంటే అతనెక్కిన ఆటోని లారీ గుద్దింది. తల సిమెంటు దిమ్మకి తగిలింది. పెద్దాసుపత్రిలో చాలా రోజులు తెలివి లేకుండా పడున్నాడు. ఎలాగో లేచాడు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. మనుషుల్ని గుర్తుపట్టాడు, భార్య మహేశ్వరి తెచ్చిన పులుసులో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. గండం గడిచిందనుకుని ఆమె అమ్మవారికి మొక్కు తీర్చింది.

మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్న రోజున గాని అసలు సంగతి తెలియలేదు. తెల్లటి తెర మీద చూపు నిలవడం లేదు. ఆ తెలుపు నుదురు లోపలికి దూరి నొక్కుతున్నట్టుంది. రెండు వరసలయ్యేసరికి కొట్టిన వరసే మళ్లీ కొడుతున్నాడు. ఒక్కోసారి చేతిలో ఉన్న చీటీ ఎవరిదో, ఎందుకు పట్టుకున్నాడో కూడా తెలియక అలాగే కూర్చుండిపోతున్నాడు.

పక్క కుర్చీలో పనిచేసే తిరుమలరావు అది గమనించాడు.

"ఏటి బావా, అలా తెల్లబోయి సూత్తన్నావ్?"

"మరీ తెల్లగుందిరా. బుర్ర నిలవట్లేదు నాకు."

"అయితే రంగు మార్సీద్దాం. తెర మీద కాయితానికి ఏ రంగైనా ఎట్టుకోవచ్చు. అచ్చులో పడదు."

ఆ వారమంతా టీ తాగే వేళకి ఇద్దరికీ అదే పని. నీలం పెడితే కంటికి హాయిగానే ఉంది గాని నల్లటి అక్షరాలు అందులో మునిగిపోయాయి. పసుపు పెడితే కళ్లు కారాయి. నలుపు మీద తెల్లటి అక్షరాలు పెట్టి చూస్తే, తల తిప్పినా గోడ మీద అవే వరసలు కదిలాయి. గులాబీ రంగు పెట్టగానే తీసెయ్యమన్నాడు. చివరికి తిరుమలరావు ఆకుపచ్చలో బూడిద రంగు కలిపి కాస్త కాస్త వెలిసేలా చేస్తుంటే ఎల్లారావు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. అదే. ముసురు రోజున సముద్రం ఇలాగే ఉంటాది."

ఆ రంగు మీద అక్షరాలు నిలిచాయి. మునుపటి వేగం మాత్రం రాలేదు. ప్రతి పేరు కిందా వేలు పెట్టి రెండుసార్లు సరిచూసుకునేవాడు. సాయంత్రానికి తల దిమ్మెక్కేది. అయినా పని పోలేదు. మరుసటి ఏడాది కూతురు పుడితే అనూరాధ అని పేరు పెట్టుకున్నారు.

2003 వచ్చేసరికి ఊళ్లో రంగుల కార్డుల మోజు మొదలైంది. తిరుమలరావు గాజువాకలో సొంత దుకాణం పెట్టుకుని వెళ్లిపోయాడు. శ్రీరామ్మూర్తి పాతవి అమ్మేసి కొత్త కంప్యూటరు కొన్నాడు. కార్డు వేయించుకునేవాళ్లు పక్కన కుర్చీ వేసుకుని, ఈ పువ్వు పెట్టు, ఆ అంచు తియ్యి అని చెప్పడం మొదలుపెట్టారు.

"పాచి రంగు కాయితం మీద గులాబీ పువ్వు సూపిత్తే పార్టీకేటి తెలుత్తాదిరా?" అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఇకమీదట తెర తెల్లగానే ఉండాల."

"బాబూ, నాకు బుర్ర నిలవదు."

"అలవాటైపోద్ది. దెబ్బ తగిలి నాలుగేళ్లైంది, ఇంకా ఏటి?"

శ్రీరామ్మూర్తి చెడ్డవాడేమీ కాదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి చూసిన మనిషి. బయటికి కనబడని దెబ్బ ఇంకా ఉందంటే నమ్మలేకపోయాడంతే.

ఆ నెలలోనే పేటలో తవిటయ్య చనిపోయాడు. అతని కొడుకు నూకరాజు పెద్దకర్మ కార్డుకి చీటీ తెచ్చాడు. ఎల్లారావు పక్కన పెళ్లివారు కూర్చుని తొందరపెడుతున్నారు. తెర తెల్లగా మెరుస్తోంది. వేలు పెట్టి సరిచూసుకోవాలనుకున్నాడు, ఏ వరస దాకా చూశాడో మరిచిపోయాడు. కార్డులు అచ్చయి ఇంటింటికీ వెళ్లాక బయటపడింది. స్వర్గస్థులైనవారి చోట నూకరాజు పేరుంది. పిలిచేవారి చోట తవిటయ్య పేరుంది.

నూకరాజు నవ్వుకుంటూనే ప్రెస్సుకి వచ్చాడు.

"నన్ను సంపీసినావేటి బావా! మా అయ్య లెగిసొచ్చి పిలుత్తన్నాడు జనాన్ని."

ఎల్లారావు సిగ్గుతో తలెత్తలేదు. నూకరాజే అతని భుజం తట్టి, కొత్త కార్డులు వేయించుకుని వెళ్లాడు.

పెద్దకర్మ అయిన కొద్ది రోజులకే నూకరాజు వేటకెళ్లిన పడవ అలల్లో తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకొచ్చారు. అతని శవం మర్నాడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

తవిటయ్య భార్య కాసులమ్మ, జుట్టు విరబోసుకుని, ఆ తప్పు కార్డు చేత్తో పట్టుకుని ఎల్లారావు గుమ్మం ముందుకొచ్చింది.

"అచ్చు గుద్ది మరీ సంపీసినావు గదరా నా కొడుకుని! నువ్వు రాసినట్టే అయిపోనాది గదరా!"

మహేశ్వరి అడ్డం వెళ్లింది. "సముద్రం తీసుకుపోతే మా ఆయనేటి సేత్తాడత్తా?"

"ఆడి సేతిలో సావుందే!" అంది కాసులమ్మ.

ఎల్లారావు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. సముద్రం ఎవరి పేరూ చదివి తీసుకుపోదని అతనికి తెలుసు. అతని తాతనీ ఆ నీళ్లే తీసుకుపోయాయి. అయినా మర్నాడు ప్రెస్సులో ఒక పెళ్లికొడుకు పేరు మొదటి అక్షరం కొట్టబోతే వేలు వంగలేదు. ఆ కుర్రాడు ఎవరో కూడా తెలియదు. కుర్చీలోంచి లేచి, "నా వల్ల కాదు బాబూ" అని శ్రీరామ్మూర్తికి చెప్పి వచ్చేశాడు. శ్రీరామ్మూర్తి ఉండమనలేదు.

పేటలో అతన్ని ఎవరూ కొట్టలేదు, వెలివేయలేదు. పేర్లు రాసిన చీటీలు అతని కంటపడకుండా పట్టుకెళ్లేవారు. ఎదురైతే పలకరించి, పేర్లు చెప్పకుండా మాట్లాడి వెళ్లిపోయేవారు. అతను మహేశ్వరితో హార్బరుకి వెళ్లి చేపల గంపలు మోయడం మొదలుపెట్టాడు. దారిలో గంప ఎక్కడ దించాలో మరిచిపోతే ఆమె కేకేసి పిలిచేది.

అనూరాధని బడిలో వేసిన రోజు భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. పంతులమ్మ కామేశ్వరి మహేశ్వరిని చూసి, ఎల్లారావుని చూసి, పెన్ను అతనికి అందించింది.

"మీరు చదువుకున్నవారే కదండీ. పాప పేరు, మీ పేరు ఇక్కడ రాయండి."

ఎల్లారావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాను సెప్తాను. మీరు రాయండి మేడమ్."

"రాయవయ్యా, నీ కూతురే గదా," అంది మహేశ్వరి. ఆమె గొంతులో కోపం ఉంది, బతిమాలడమూ ఉంది.

అతను తల అడ్డంగా ఊపి, ఒక్కో అక్షరం విడదీసి పలకడం మొదలుపెట్టాడు. పంతులమ్మ రాసుకుంది. మహేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుని, పిల్లని తీసుకుని బయటికి నడిచింది.