చేపల బండిలో కంప్యూటర్

ఫోను తీస్తే సందు పేరుతో సహా దారి చెప్పే కాలం కాదది. కంప్యూటర్ అనే మాట వస్తే జనం గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆ రోజుల్లో విశాఖలో నాలుగు నెలల కోర్సు చేసిన ప్రతివాడూ తాను సగం శాస్త్రవేత్తనని నమ్మేవాడు. నేను సగంతో సరిపెట్టుకునే రకం కాదు. డాబాగార్డెన్స్‌లో ఓ కంప్యూటర్ దుకాణంలో పని నాది. అట్టపెట్టెల్లో వచ్చిన సామాన్లు తీసి రేకు డబ్బాలో మరలతో బిగించడం, అంతే. (దాన్ని నేను 'నిర్మాణం' అనేవాణ్ణి. వినేవాళ్లు కూడా అలాంటివాళ్లే దొరికేవారు.)

మా అక్క మొగుడు, అంటే మా బావ, హార్బరులో చేపలు వేలంలో పాడుకుని పాత వ్యానులో ఊళ్లో తిరిగి అమ్మేవాడు. (ఆయనా నన్ను బావా అనే అంటాడు, మా వైపు అంతే.) అప్పుడే రుషికొండలో ఓ హోటలు వాళ్లు ఆయన్ని పిలిచి, ఫలానా రోజు పొద్దున్న ఏడింటికల్లా సరుకు తెచ్చి చూపించమన్నారు. నచ్చితే ఇక రోజూ ఆయన దగ్గరే కొంటారట. ఎండలో వీధివీధికీ తిరిగే బాధ తప్పుతుందని బావా అక్కా ఎంత ఆశపడ్డారో నాకు తెలుసు. అలాంటి సమయంలో బుద్ధున్నవాడైతే బండి బ్రేకులు చూపిస్తాడు. నేను ముందు సీటు పక్కన ఎంత ఖాళీ ఉందో కొలిచాను.

"సేపల బండికి కంప్యూటరెందుకు బావా?" అన్నాడాయన.

"పెద్ద హోటలుకి వెళ్తున్నావు. చూసినవాళ్లకి నువ్వు మామూలు వ్యాపారివి కాదని తెలియాలి," అన్నాను. (కంప్యూటర్ గురించి మాట్లాడేటప్పుడు నా యాస ఎటో పారిపోయేది.) చదువుకున్నవాడు చెబుతున్నాడు కదాని బావ తలూపాడు. పాపం, అదే ఆయన చేసిన తప్పు.

దుకాణంలో మూలపడ్డ సామాన్లతో ఓ యంత్రం కట్టి, కుదుపులకు అదరకుండా అక్క దగ్గర పాత పరుపు ముక్కలడిగి కింద పేర్చి, ముందు తెర బిగించాను. అందులో పాటలు పెట్టాను. విశాఖ పటం ఒకటి పెట్టాను. అది కదలదు, మాట్లాడదు. మనమెక్కడున్నామో మనమే దిగి ఎవరినైనా అడిగి, వచ్చి ఆ పటంలో వెతుక్కోవాలి. పుట్టినప్పటి నుంచీ ఈ ఊరి సందులన్నీ తిరిగిన మనిషికి నేను చేసిన మహోపకారం అది. పని లేనప్పుడు తెర మీద రంగురంగుల చేపలు ఈదే బొమ్మ కూడా పెట్టాను. బావ దాన్ని చాలాసేపు చూసి, "ఇయ్యి మన సముద్రంలోన లేవు బావా. కూరకి పనికిరావు," అన్నాడు.

ఇక కరెంటు. బండి ఆపి తాళం తీయగానే కంప్యూటర్‌కి కూడా కరెంటు పోయేలా కలపమని కార్ల ఎలక్ట్రీషియన్ ఒకాయన మర్యాదగానే చెప్పాడు. "షట్‌డౌన్ చేయకుండా కరెంటు తీస్తే కంప్యూటర్ పాడైపోతుందండీ, మీకు తెలీదు," అని ఆయనకు పాఠం చెప్పి, తీగ నేరుగా బ్యాటరీకే తగిలించాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మా ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. ఆ మడి వ్యానులోకీ తెచ్చాను. చెప్పులు విప్పి ఎక్కాలి, తడి చేతులతో తాకకూడదు, స్విచ్చి జోలికి అసలే పోకూడదు, ఆర్పడం నాకొక్కడికే తెలుసు. వెనక చేపల నీళ్లు కారుతుంటే ముందు బావ వట్టి కాళ్లతో బండి నడిపాడు. అక్క తెరకు పూల గుడ్డతో గలీబు కుట్టింది.

హోటలుకు వెళ్లాల్సిన ముందు రోజు సాయంత్రం వాహన పూజ చేయించాం. పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, నేను తెరకు బొట్టు పెట్టించి, పాటలు మోగించి, నలుగురి చేతా భేష్ అనిపించుకుని, ఆ పొగరులో స్నేహితులతో అటునుంచటే వెళ్లిపోయాను.

బావ ఆ రాత్రి బండిని హార్బరులోనే ఉంచాడు. తెల్లారి నేనూ వెళ్లాక, వంజరం చేపలు, ఐసు ఎక్కించి తాళం తిప్పాడు. బండి టక్కుమని ఊరుకుంది.

"రాత్రి కంప్యూటర్ ఆపలేదా?" అన్నాను.

"నానేటీ ముట్టుకోలేదు బావా. నువ్వు వొద్దన్నావు కదా. రాత్రి ఆ సేపలు ఈదుతునే ఉన్నాయి," అన్నాడు బావ, తన భక్తిని మెచ్చుకుంటానేమో అన్నట్టు.

వెనక ఐసు కరుగుతోంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? చెప్పులు విప్పి ఎక్కి, గలీబు ఎత్తి, "అయ్యో, షట్‌డౌన్ కాకుండా పోయిందే!" అని కంప్యూటర్ కోసం బాధపడ్డాను. చేపలమ్మే పెద్దావిడ ఒకామె నడుం మీద చేతులేసుకుని, "ఓలమ్మో, సేపల బండికి ఇంత మడేటి! ఈడు బండి నడిపిత్తాడేటి, పూజ సేత్తాడేటి?" అంది. ఆడవాళ్లందరూ విరగబడి నవ్వారు. నవ్వుతూనే వాళ్లే తోశారు. అయినా బండి స్టార్టవలేదు. ఎవరి దగ్గరో బ్యాటరీ అడిగి తెచ్చి తగిలించి బయల్దేరేసరికి ఏడు దాటిపోయింది.

రుషికొండ చేరేసరికి హోటలు వాళ్లు వేరేవాళ్ల దగ్గర కొనేశారు. మేనేజరు చేపల వైపు చూడనేలేదు. "మొదటి రోజే ఇలాగైతే ఎలాగయ్యా?" అన్నాడు.

"తప్పు నాదేనండి. నిద్దరట్టీసింది," అన్నాడు బావ.

నేను పక్కనే ఉన్నాను. చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. వాటినే సర్దుకుంటూ నిలబడ్డాను. బావ ఇంకోసారి దండం పెట్టి వెనక్కి తిరిగాడు. వంజరమంతా ఆనందపురం దారిలో వచ్చినకాడికి అమ్ముకుంటూ వచ్చాం. దారంతా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే నేను కంప్యూటర్ ఊడదీశాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు బావ వీధులే తిరిగాడు.

ఈమధ్య ఓ రోజు దువ్వాడ స్టేషనులో నన్ను దింపడానికి బావ బండిలో తీసుకెళ్తుంటే, ఉండబట్టలేక అనేశాను. "బావా, ఆ రోజు హోటలు దగ్గర తప్పు నాది. నేనే చెప్పుండాల్సింది."

"అవును, నీదే," అన్నాడు రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "ఆ ఎలక్ట్రీషియన్ని ఆ రోజే అడిగాను, బ్యాటరీ ఎందుకైపోయిందో సెప్పాడు. నువ్వే సెప్తావు కదాని ఊరుకున్నాను. ఇన్నేళ్లు పట్టిందేటి బావా?"

ఆ రెండు పెన్నుల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కానీ ఆ పూట మాత్రం, బావ నవ్వుతుంటే, నాకూ నవ్వొచ్చింది.