పట్నం బొమ్మలో ఇప్పపువ్వు తగాదా

ఫోనులో జాగా లేదని పాత ఫోటోలు తుడిచేస్తుంటే పట్నం వీధి బొమ్మ ఒకటి బయటపడింది. మూడేళ్ళ కిందట సుక్మాలో ఒక హిందీ బడి పెద్దమేడం గది గోడ మీద ఉండేది. ఎల్‌కేజీలో చేర్చుకునే ముందు దాన్ని చూపించి పిల్లల్ని ప్రశ్నలడుగుతారని ఎవరో చెబితే, ఫారం తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు దొంగచాటుగా తీసిన ఫోటో. అందులో ఒకాయన పేపరు చదువుతుంటాడు, ఒకామె మేడ మీద జుట్టు దువ్వుకుంటుంది, దర్జీ సూదిలో దారం ఎక్కిస్తుంటాడు, కింద బుట్ట పక్కన ఇంకొకామె తల వంచుకొని పూలదండ కడుతుంటుంది. ఎవరి పనిలో వాళ్ళు. నాలుగేళ్ళ పాపకు రోజూ అన్నంముద్దతో పాటు "యే దర్జీ హై, యే ఫూల్‌వాలీ హై" అని అదీ తినిపించాను. సీటు రాకపోతే పిల్ల బతుకు అక్కడితో ఆగిపోతుందని నా భయం.

ఆ రోజుల్లోనే బాసగూడ నుంచి అత్తమ్మ వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఎదురుపడ్డ మనిషిని "తిన్నవా?" అని అడగకుండా దాటిపోతే కొట్లాటలో ఉన్నట్టే లెక్క. ఫోటో చేతికిస్తే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కళ్ళు చికిలించి చూసి నిట్టూర్చింది.

"ఏంది పిల్లా, ఇంతమంది ఉన్నరు, ఒక్కరు ఒక్కర్ని పలకరిస్తలేరు! గట్టి తగాదే అయింది." కారణం కూడా ఆమే పట్టేసింది. "ఈ బుట్టామె పోయి ఆ జుట్టామె ఇప్పచెట్టు కింద పువ్వు ఏరింది. చూడు, తలెత్తుతలేదు."

ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో అక్కడ అందరికీ తెలుసు. పరాయిచెట్టు కింద పువ్వు ఏరితే మాటలు బందే.

"అది పట్నం, అత్తమ్మా," అన్నాను.

"అయితే? పట్నపోళ్ళు పువ్వు ఏరరా?"

ఇంటర్వ్యూ రోజు అత్తమ్మను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, పాపా నేనూ లోపలికి వెళ్ళాం. వీళ్ళంతా ఏం చేస్తున్నారని పెద్దమేడం హిందీలో అడిగింది. నేను పెదవులు కదపకుండా "దర్జీ, దర్జీ" అని అందిస్తూనే ఉన్నాను. పాప "ఝగడా", తగాదా అంది. ఎవరి పువ్వు ఎవరు ఏరుకుపోయారో వేలు పెట్టి చూపించింది. పేపరాయన సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని మొహం దాచుకున్నాడట! మేడం కళ్ళజోడు సర్దుకొని బొమ్మ దగ్గరకు నడిచింది.

"అబ్ క్యా హోగా?" ఇప్పుడెలా మరి, అని నిజంగానే అడిగింది.

పాప కుర్చీ ఎక్కి, గోడకేసి తిరిగి, గొంతు చించుకుని అరిచింది: "తిన్నరా?"

వరండాలోంచి అత్తమ్మ గొంతు ఖంగుమంది: "తిన్నం బిడ్డా, నువ్వు?"

నేను అర్థం చెప్పాక మేడం పడీపడీ నవ్వి, ఆ నవ్వులోనే ఫారం మీద సంతకం పెట్టింది.

పాప ఇప్పుడు ఒకటో తరగతి. ఈ ఫోటో చూపిస్తే "సబ్ అప్నా అప్నా కామ్ కర్ రహే హైఁ", ఎవరి పనిలో వాళ్ళున్నారని ఒక్క ముక్కలో తేల్చేసి ఆటకు పోయింది. జవాబు సరైనదే, నేను నేర్పిందే. అలా తప్పు చెప్పే వయసు అంత తొందరగా దాటిపోతుందని మాత్రం అప్పుడు నాకెవరూ చెప్పలేదు.