కొండకన్నా పెద్ద ఖనిజం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. మడివాళ పీజీ హాస్టల్లో ముగ్గురికి ఒక గది, రాళ్ల వయసు లెక్కకట్టే ల్యాబులో మూడు నెలల ఉద్యోగం. మొదటి నమూనా సరిగ్గా చేస్తేనే పొడిగింపు అన్నారు ల్యాబు నడిపే మేడం. పని మాత్రం భలే పని! రాతి పగుళ్లలోకి వేడినీళ్లు ఖనిజాన్ని మోసుకొచ్చినప్పుడే అక్కడ సన్నటి బంకమన్ను పుడుతుంది. అందులోని పొటాషియం కొద్దికొద్దిగా ఆర్గాన్ వాయువుగా మారి లోపలే చిక్కుకుంటుంది. ఎంత చిక్కిందో కొలిస్తే మన్ను వయసు, దాంతోపాటే ఖనిజం వయసు తెలిసిపోతాయి!

పిడికెడు రాతిపొడిని (అంతే ఉంది, మళ్లీ దొరకదు) గాజు జాడీలో నీళ్లు పోసి కలిపాను. మా అవ్వ రాగిపాలు తేర్చినట్టే పైన మసకనీళ్లు వంపేసి, అడుగున చిక్కగా కూర్చున్నది ఎండబెట్టి యంత్రానికిచ్చాను. ఫలితం చూసి ఎగిరి గంతేశాను. ఖనిజం వయసు దాన్ని మోస్తున్న కొండకన్నా ఎక్కువ! వెంటనే అమ్మకు ఫోన్. "అయితే పర్మనెంట్ చేస్తారా?" అంది. "పర్మనెంటేంటమ్మా, పుస్తకాలే మారుస్తారు!" అన్నాను.

పక్కనే జాడీలు కడుగుతున్న యలహంక అన్న (ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం, ల్యాబులో అందరికన్నా పాతవాడు) తలెత్తాడు. "ఏమప్పా, తల్లికన్నా ముందే బిడ్డ పుట్టినాడా? పైన నీళ్లు యాడ పోసినావు?"

"చెత్తనీళ్ల బకెట్లో అన్నా."

"అయ్యో దేవుడా! మనకు కావాల్సిన సన్నమన్ను ఆ నీళ్లలోనే తేలతా ఉండాది. అడుగున కూర్చునేది కొండ పుట్టకముందే యాడినుంచో కొట్టుకొచ్చి దాంట్లో కలిసిన పాత అభ్రకం. దాని వయసు చెప్తా ఉండావు నువ్వు."

నమూనా పోయింది, ఉద్యోగం పోయింది, ఇక ఊరికి బస్సెక్కడమే. అన్న మాత్రం బల్ల కిందనుంచి మూతపెట్టిన బకెట్ ఒకటి లాగాడు. "రిజల్ట్ వచ్చేదాకా నేనేదీ పారబోయనప్పా. ఒక్కో నమూనాకు ఒక్కో బకెట్. నీలాంటోళ్లను శానామందిని చూసినాను."

ఆ బకెట్ నీళ్లలోని సన్నమన్ను తీసి మళ్లీ కొలిస్తే, ఈసారి ఖనిజం బుద్ధిగా కొండకన్నా చిన్నదైంది. జరిగిందంతా నేనే మేడంకు చెప్పేశాను. ఆమె నవ్వాపుకుంటూ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు ఆ బకెట్లు దాచేది నేనే. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి "సార్, ఖనిజం కొండకన్నా పాతది!" అంటూ పరుగెత్తుకొచ్చింది. కళ్లు మెరిసిపోతున్నాయి. నీళ్లెక్కడ పోశావని అడగబోయి ఆగాను. ముందు వాళ్లమ్మకు ఫోన్ చేసుకోనీ అనిపించింది.