చిన్నవ్వకు పెట్టిన చీర

మా అవ్వకు ఇంగ్లండులో ఒక చెల్లెలు. బతికుందో పోయిందో మాకెవరికీ తెలియదు. తెలియని ఈ సంగతి మీద మా ఇంట్లో ఏటా పెద్దల అమావాస్య నాడు గొడవ జరిగి తీరాల్సిందే. కడపలో మా మామ ఇంట్లో ఆ రోజు, చనిపోయిన పెద్దలందరికీ కొత్త బట్టలు వరుసగా పెట్టి, వండినవన్నీ ఆకుల్లో వడ్డించి, సాంబ్రాణి వేసి మొక్కుతారు. ఆ వరుసలో చివరి చీర ఇంగ్లండు చిన్నవ్వది. మామ దాన్ని పెడతాడు. ఆయన తల్లి, అంటే మా అవ్వ, వచ్చి తీసేస్తుంది. ఆయన మళ్ళీ పెడతాడు. కర్నూలులో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేదాన్ని, సెలవు పెట్టి, బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేది ఈ కుస్తీ చూడ్డానికా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అవ్వ ఆ పూట అన్నం ముట్టదు.

"బతికుండే బిడ్డకు తద్దినం పెట్టిన ఇంట్లో నేను మెతుకు ముట్టను" అంటుంది.

"బతికుందని నీకెవురు జెప్పినారు?" అంటాడు మామ.

"సచ్చిందని నీకెవురు జెప్పినార్రా?" అంటుంది అవ్వ.

ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి నోళ్ళూ మూయించే దారి మాత్రం నాకు కనపడేది కాదు.

అసలు సంగతి ఇది. మా ముత్తవ్వ, అంటే అవ్వ తల్లి, చిన్న వయసులోనే మొగుడు పోయి, మా అవ్వను వెంటబెట్టుకుని కడపలో ఒక నాపరాళ్ళ వ్యాపారి బంగళాలో వంటకు కుదిరింది. ఆయన ఆంగ్లో ఇండియన్. ఎదురుగా దొర అనేవాళ్ళు, వెనక సగం దొర అనేవాళ్ళు. కట్టుకున్న పెళ్ళాం ఇంగ్లండులో ఉండేది. ఇక్కడ మా ముత్తవ్వకు ఆయన వల్ల ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చంకనేసుకుని తిప్పిందీ, తల దువ్విందీ, బువ్వ తినిపించిందీ మా అవ్వే. అవ్వకు అప్పుడు పదేళ్ళుంటాయేమో. పిల్లకు ఐదారేళ్ళు రాగానే, చదువు చెప్పించి తీసుకొస్తానని తండ్రి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. పోయినవాళ్ళు పోయినట్టే. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆచూకీ లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూసి, రాకపోతే పోయినట్టే అనుకుని, దర్భలతో బొమ్మ చేసి కాల్చి కర్మ జరిపించే పద్ధతి మాలో ఉంది. ముత్తవ్వ అన్నదమ్ములు ఆ పన్నెండేళ్ళు ఎప్పుడు నిండుతాయా అని కాచుకుని కూర్చున్నట్టున్నారు. నిండీ నిండగానే ఆ పని కానిచ్చేశారు. పెళ్ళి లేకుండా పుట్టిన పిల్ల, వంశానికి మచ్చ తెచ్చిన పిల్ల. కర్మ చేసేస్తే ఇక ఊళ్ళో ఎవరూ ఆ మాట ఎత్తరు కదా! బంగళా తిండి తిన్నన్నాళ్ళు ఆ మహానుభావులకు వంశం గుర్తు రాలేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది. అప్పటి నుంచి అమావాస్య వరుసలో చిన్నవ్వకొక చీర చేరింది. మొదట మా తాత, అంటే మామ తండ్రి, పెట్టాడు, ఆ తరువాత మామ పెడుతున్నాడు. మానేస్తే ఇంటికి అరిష్టమని ఆయన భయం.

రెండువేల నాలుగు ప్రాంతంలో ఒక అమావాస్య నాడు, పస్తున్న అవ్వ కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోయింది. లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి మజ్జిగ తాపబోతే, గ్లాసు పక్కకు నెట్టేసింది.

"నేను పోయేలోపల నాకు తెలియాల. బతికుంటే ఆ చీర పెట్టగూడదు. పోయింటే నా చేత్తో నేనే పెడతా. మ్మే, నువ్వు ఇంగ్లీసు సదివినావు కదా, కనుక్కో" అంది.

"ఇంగ్లీషు సదివితే ఇంగ్లండులో ఉండేవాళ్ళంతా నాకు సుట్టాలయిపోతారా అవ్వా?"

"అయితారో కారో, నువ్వు కనుక్కో."

ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. ఇంగ్లీషు ఎందుకు చదివానురా దేవుడా, హాయిగా లెక్కలు చదువుకుని ఉంటే పోయేది కదా అనిపించింది.

ఆధారమంటూ ఏదైనా ఉందా అంటే, శూన్యం. చిన్నవ్వను ఇంట్లో తెలుగు పేరుతోనే పిలిచేవాళ్ళు. ఆ పేరుతో ఇంగ్లండులో ఎవరిని అడగను? కొన్ని వారాలు తల బద్దలు కొట్టుకున్నాక ఒకరోజు కడపకు పోతే అవ్వ చిక్కుడుకాయలు వలుస్తూ తీరిగ్గా అంది.

"వాళ్ళ జేజి, అదే దొర వాళ్ళమ్మ, ఆమె పేరే పెట్టినారు దానికి. చర్చిలో నీళ్ళు జల్లి మరీ పెట్టినారు. ఆ జేజి గోరీ ఈడే ఉండాది కదా, దొరల సమాధుల్లో."

"ఈ ముక్క ముందే చెప్పేకి ఏమొచ్చింది అవ్వా నీకు?"

"నువ్వు అడిగితివా?"

ఇంకేం అంటాం? నేనూ మామా ఎండలో ఆ సమాధుల దగ్గరికి పోయాం. ముళ్ళకంప, మేకలు, పగిలిన సారా సీసాలు. మామ చుట్టూ చూసి, "వీళ్ళకంతా అమావాస్యకు ఎవురు పెడతాండారో పాపం" అని నిట్టూర్చాడు. ఈయన ఆలోచన ఇంకా అక్కడే ఉంది! నేను సీసాలో తెచ్చుకున్న తాగే నీళ్ళు రాతి మీద పోసి, కొంగుతో రుద్ది రుద్ది, ఆ జేజి పేరూ ఇంటిపేరూ చదివి రాసుకున్నాను. చీర పాడయింది. మామ ఆ పేర్లు రెండుసార్లు పలికి చూసి, "మనోళ్ళ మాదిరే లేదే" అన్నాడు.

కర్నూలులో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంట కూర్చుంటే అరగంట కరెంటు ఉండదు. అక్కడ కూర్చుని వెతగ్గా వెతగ్గా, పాత కుటుంబాల కూపీ లాగడమే కాలక్షేపంగా పెట్టుకున్న ఇంగ్లండు పెద్దావిడ ఒకరు నాకు దొరికింది. దొరికిందనాలో, నేనే ఆవిడకు దొరికిపోయాననాలో. మహా మంచి మనిషి, కానీ నా ఓపికను పిండి ఆరేసింది. మెయిలు తెరిస్తే ముందు అక్కడి వాన, ఆ తరువాత ఆవిడ పిల్లి. ఆ పిల్లి మూత్రపిండాల సంగతి నాకు మా చుట్టాల ఆరోగ్యం కంటే ఎక్కువ తెలుసు. అదంతా దాటుకుని పోతే చివర్లో ఒక ప్రశ్న: పిల్ల తల్లి ఆ వ్యాపారికి ఏమవుతుందని రాసుకోమంటారు? భార్యా? పనిమనిషా? లేక ఉంచుకున్న మనిషా?

ఆ ఆదివారం కడపకు పోయి అవ్వను అడిగాను. అవ్వ మొహం ఎర్రబడింది.

"ఆయనకు ఏమయితే వాళ్ళకెందుకంట? ఆ బిడ్డకు అమ్మ. అమ్మ అని రాయి" అంది.

అలాగే రాశాను. పెద్దావిడ నాకు ధన్యవాదాలు చెప్పి, పిల్లికి కొంచెం నయమని తెలిపి, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. నేను నెట్ సెంటర్లోనే నెత్తి కొట్టుకున్నాను.

అయినా ఆవిడ వదల్లేదు. చిన్నవ్వ బతుకు నెలల తరబడి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇంగ్లండు చేరిన కొన్నాళ్ళకే తండ్రి జబ్బు చేసి పోయాడట. ఆయన పెళ్ళాం ఆ పిల్లను గడప లోపల ఉంచుకోలేక సన్యాసినులు నడిపే ఆశ్రమంలో పడేసిందట. పెద్దయ్యాక చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరిందట. బస్సు డ్రైవరును పెళ్ళి చేసుకుందట. పిల్లలు లేరట.

ప్రతి ముక్కా నేను కడపకు మోసుకుపోయి అవ్వకు చెప్పేదాన్ని. ఆశ్రమం సంగతి వినగానే అవ్వ, "అంత సలిలో తలకు నూనె పెట్టేవాళ్ళు ఎవురుంటారే ఆడ? దానికి సిక్కు తీస్తాంటే ఏడ్చేది" అంది. బస్సు డ్రైవరు అనగానే మాత్రం కొంచెం తేలికపడింది. "గవర్నమెంటు బస్సేనా?" అని అడిగింది. ఏమో, నాకేం తెలుసు! అదీ అడిగి చెప్పాలట. అడిగాను కూడా. సిటీ బస్సేనని జవాబు వచ్చింది. పర్మినెంటు ఉద్యోగమని అవ్వ వీధిలో అందరికీ చెప్పుకుంది.

భర్త పోయాడని తెలిసిన దగ్గర మా దారి ఆగిపోయింది. ఆ తరువాత ఆమె ఇల్లు మారిందట, ఎక్కడికో ఎవరికీ తెలియదట. అమావాస్య దగ్గరపడుతోంది. మామ బట్టలకు బజారుకు పోతున్నాడు. "ఈ ఒక్క ఏడు ఆగు మామా" అన్నాను. "నువ్వు తేల్చే లోపల మేమంతా ఆ వరుసలో చేరేటట్టుండామే పాపా" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అమావాస్య వారముందనగా మెయిలు వచ్చింది. వాన లేదు, పిల్లి లేదు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ముసలివాళ్ళుండే ఇంటికి ఫోన్ చేశానని, ఆమెతో మాట్లాడానని, ఆమె బాగానే ఉందని రాసింది. నేను సరిగా చదివానో లేదోనని మళ్ళీ చదివాను. పర్సు అక్కడే మరిచిపోయి, మళ్ళీ వెనక్కి పోయి తెచ్చుకుని, కడప బస్సెక్కాను.

"బతికుండాది అవ్వా" అన్నాను, గుమ్మంలోనే.

అవ్వ మొదట నన్ను చూసింది. ఆ తరువాత మామను చూసింది. ఇక మొదలైంది.

"విన్నావారా? బతికుండే మనిషికి పిండం పెడతిరి కదరా! అది ఆడ అన్నం తినేటప్పుడు ఈడ దానికి ఆకేస్తిరి కదరా!" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే నవ్వింది.

మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకేం తెలుసు? మా నాయన పెట్టినాడు, నేను పెట్టినా" అని గొణిగి, చెప్పులేసుకుని పురోహితుడి దగ్గరికి పోయాడు. గంట తరువాత ఇంకా పాలిపోయి వచ్చాడు. కర్మ జరిగిపోయిన మనిషి బతికొస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్కట. పురుడు దగ్గర నుంచి అన్నీ మళ్ళీ జరిపించాలట. ఉయ్యాలలో వేసి చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలట. మనిషి ఎదురుగా ఉండాలట.

"ఎనభై ఏండ్ల ముసలామెను ఉయ్యాల్లో ఎట్లా ఏసేదప్పా?" అని మామ తల పట్టుకున్నాడు. ఆయన నిజంగానే ఉయ్యాల కొలతల గురించి ఆలోచిస్తున్నాడని నాకు తెలిసింది. ఈ ఇంట్లో పుట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఉయ్యాలా లేదు, గియ్యాలా లేదు. చెవిలో చెప్పేది కదా? ఫోన్లో చెప్తా" అంది అవ్వ.

పెద్దావిడే ఏర్పాటు చేసింది. అమావాస్యకు ముందు ఒక సాయంత్రం, అక్కడ మధ్యాహ్నం అన్నమాట, ఆమె చిన్నవ్వ పక్కన కూర్చుని మా ఇంటికి ఫోన్ కలిపింది. మామ ఫోన్‌కు స్పీకర్ నొక్కాడు. అవ్వ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఫోన్ ముందు పీట వేసుకుని కూర్చుంది. ఏమేం మాట్లాడాలో వారం నుంచి అనుకుంటూనే ఉంది. నేను ఇంగ్లీషులోకి మార్చడానికి పక్కన ఉన్నాను.

సన్నటి గొంతుతో "హలో" అని వినపడింది. అవ్వకు అనుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఏమే, ఇన్నేండ్లు యాడ సచ్చినావే!" అని అరిచింది. అరిచి, అయ్యో అనరాని మాట అన్నానే అని నోరు కొట్టుకుని, థూ థూ అని మూడుసార్లు ఊసింది. అక్కడ వాళ్ళు ఏమైందని కంగారు పడ్డారు. మీ అక్క సంతోషపడుతోందని చెప్పాను. ఇంకేం చెప్పను?

ఆ తరువాత అవ్వ ఫోన్‌కు నోరు ఆనించి చెల్లెలి తెలుగు పేరు మూడుసార్లు చెప్పింది. మెల్లగా, చంటిపిల్ల చెవిలో చెప్పినట్టే. చిన్నవ్వకు తెలుగు ఒక్క ముక్క మిగల్లేదు. ఆ పేరు తనదని కూడా తెలిసినట్టు లేదు. "సారీ డియర్, నాకు అర్థం కావడం లేదు" అంది మర్యాదగా. అవ్వ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. మామ కిటికీ వైపు తిరిగాడు.

చిన్నవ్వే మళ్ళీ మాట్లాడింది. ఒక సంగతి అడగాలంది. "మా అమ్మ నన్ను వద్దనుకుందని, వదిలించుకోవడానికే పంపించేసిందని తండ్రి భార్య నాకు చెప్పేది. నేను అలా అనుకునే బతికాను. అది నిజమా?"

నేను తెలుగులో చెప్పాను. అవ్వ పీటను ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరుపుకుంది. కోపం లేకుండా, మాకెవరికీ ఎన్నడూ చెప్పని మాట చెప్పింది.

"దానికి జెప్పు. బొమ్మ కాల్చినప్పుడు మా మామలు, పిన్నమ్మలు, నేను, అందరమూ తలకు నీళ్ళు పోసుకున్యాము. అమ్మ పోసుకోలా. కాళ్ళు పట్టుకున్యారు, కొట్టినారు గూడా. పోసుకోలా. మైల లేదు నాకు, నా బిడ్డ సావలేదు అనె. పోయేదాకా అదే మాట."

ఇన్నేళ్ళు ఇంగ్లీషు చదివి, చదివించి, ఆ ఒక్క మాట దగ్గర నేను నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను. మీ అమ్మ స్నానం చేయలేదు అని చెప్పాలా? ఆమెకేం అర్థమవుతుంది? నా చదువు మీద, నా మీద, ఆ ఫోన్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. "చెప్పు మ్మే" అని అవ్వ నా భుజం పట్టుకుని కుదిపింది.

"నువ్వు చనిపోయావని అందరూ ఒప్పుకున్నారు. మీ అమ్మ ఒప్పుకోలేదు. కొట్టినా ఒప్పుకోలేదు. తను చనిపోయేదాకా ఒప్పుకోలేదు" అన్నాను ఇంగ్లీషులో.

అటువైపు కుర్చీ కిర్రుమంది. ఊపిరి వినపడింది. ఆమె ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది.